ఉప్పు అడిగిన వదిన

మా ఆడపడుచుకి ఒక అలవాటుంది. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే, ముద్ద నోట్లో పెట్టకముందే ఉప్పు అడుగుతుంది. దాంతో నా వంట చప్పనిదని చుట్టాలందరిలో పేరు పడిపోయింది.

అందుకే ఆవిడ పెళ్లిరోజు విందుకి ఈ ఖరీదైన రెస్టారెంట్ నేనే ఎంచాను. చుట్టాలనీ నేనే పిలిచాను. ఇక్కడ బల్లల మీద ఉప్పు పెట్టరు. ఎవరైనా అడిగితే వండినాయనే వచ్చి ఏం తగ్గిందో కనుక్కుంటాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు.

వెడల్పాటి తెల్ల పళ్లెం మధ్యలో గరిటెడు గుమ్మడికాయ సూప్ వచ్చింది. వదిన వెంటనే చెయ్యెత్తింది. "బాబూ, కాస్త ఉప్పు!"

చెఫ్ వచ్చి నిలబడ్డాడు. "ఎంత తగ్గిందమ్మా?"

"బాగా తగ్గిందయ్యా. ఒట్టి చప్పగా ఉంది."

సూప్ మీద క్రీముతో గీసిన పువ్వు చెక్కుచెదరలేదు. చెంచా ఇంకా మడతపెట్టిన నేప్‌కిన్ లోనే ఉంది. "మీరింకా రుచి చూడలేదు కదమ్మా," అన్నాడాయన మెల్లగా.

వాళ్ల అత్తగారు ఫక్కున నవ్వింది. "మా కోడలికి చూపుతోనే తెలిసిపోతుంది నాయనా!"

బల్ల చుట్టూ నవ్వులు. వదిన మొహం కందగడ్డలా అయింది. గబగబా ఒక చెంచా మింగి, "సరిపోయింది," అని గొణిగింది.

వెళ్లబోతున్న చెఫ్‌ని ఆగమన్నాను. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కారు. తొక్కితే తొక్కనీ.

"కాస్త గట్టిగా చెప్పండి వదినా. మనవాళ్లెవరికీ వినపడలేదు."