తీగకు కట్టిన మగ్గు

ఫోర్‌మన్ కొట్టింది ఒమోండి చేతిని కాదు, చేతిలోని స్టీలు గ్లాసును. అది గచ్చు మీద దొర్లుకుంటూ పోయి, షెడ్డులో కూర్చున్న జలంధర్ బూటు దగ్గర ఆగింది.

"తేరా మగ్ ఉధర్ హై," అన్నాడు ఫోర్‌మన్. కూలర్ ఎడమ కుళాయికి తీగతో కట్టి ఒక పచ్చ ప్లాస్టిక్ మగ్గు వేలాడుతోంది. దాన్ని చూపించాడు.

ఒమోండి కెన్యావాడు. తెల్లారకముందు నుంచి ఇనుప చువ్వలు మోసి, దాహంతో నోరు పిడచకట్టుకుపోయి వచ్చాడు. ఫోర్‌మన్‌ని చూశాడు. షెడ్డులో కూర్చున్న నలభై మంది తెలుగువాళ్ళనూ చూశాడు. ఒక్కడూ తలెత్తలేదు. అందరికీ అప్పుడే ఫోన్లలో అర్జంటు పనులు పడ్డాయి. ఒమోండి ఆ పచ్చమగ్గుతోనే నీళ్ళు తాగి, బయట ట్రెయిలర్ నీడలో ఉన్న తన ఐదుగురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గల్ఫ్‌లో, అల్ రయ్యాన్‌లోని ఆ సైటులో ఏర్పాటు అదీ. ఎండాకాలంలో పది నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని చట్టం. ఆ వేళ ఏసీ షెడ్డు ఇండియావాళ్ళకు, ట్రెయిలర్ నీడ కెన్యావాళ్ళకు. "ఎండలో పుట్టినోళ్ళకు ఏసీ ఎందుకు?" అని ఫోర్‌మన్ మొదటిసారి అన్నప్పుడు షెడ్డంతా నవ్వింది. జలంధర్ కూడా నవ్వాడు, మే నెలలో తమ కోరుట్ల దిక్కు మంచు కురుస్తున్నట్టు! ఇంతకీ ఆ ఫోర్‌మన్ ఏ దేశంవాడని అడగకండి. వాడు కంపెనీ దేశంవాడు.

జలంధర్ గ్లాసు తీసి కూలర్ మీద పెట్టాడు. మగ్గు వైపు మాత్రం చూడలేకపోయాడు. దాన్ని కట్టింది అతనే.

రెండు నెలల కింద కెన్యావాళ్ళు సైటుకు వచ్చిన రోజున, ఎవరూ చెప్పకుండానే, అడగకుండానే, ఆ మగ్గు తెచ్చి చువ్వలు కట్టే తీగతో కుళాయికి బిగించాడు. చెయ్యి దానంతటది చేసేసింది. కోరుట్ల పక్క పల్లెలో మాదిగవాడ రాజనర్సు కొడుకు ఇతను. ఊరి హోటల్లో రాజనర్సు చాయ్ గ్లాసు చూరుకింద వేరే ఉండేది. తాగాక తనే కడిగి అక్కడ పెట్టాలి. ఇరవై ఏళ్ళప్పుడు సంఘం కుర్రాళ్ళతో కలిసి వెళ్ళి ఆ గ్లాసు పగలగొట్టాడు జలంధర్. ఆ చేతితోనే ఇక్కడ మగ్గు కట్టాడు. తనకంటే కింద ఒకడు దొరికాడని ఆ రోజు లోలోపల ఎంత హాయిగా అనిపించిందో తలచుకుంటే, తన మీద తనకే రోత పుట్టింది.

పన్నెండింటికి ఫోర్‌మన్ మళ్ళీ వచ్చాడు. మర్నాడు స్లాబు పోయాలి, చువ్వలు కట్టడం సగంలో ఉంది. రోడ్డు మీదికి కనిపించకుండా రేకులు అడ్డంపెట్టి, కెన్యావాళ్ళను ఎండలోకి తోలాడు. "యల్లా, యల్లా!"

గంట తిరగకముందే వాళ్ళలో ఒకడు కాలుతున్న చువ్వల మీద బోర్లా పడ్డాడు. ఒమోండి భుజాన వేసుకుని దింపాడు. పడినవాడి చేతుల మీది చర్మం ఇనుముకు అంటుకుని లేచివచ్చింది. పికప్‌లో ఆసుపత్రికి పంపారు. మిగిలిన ఐదుగురూ పనిముట్లు కింద పడేసి కూర్చున్నారు.

ఫోర్‌మన్ నేరుగా షెడ్డులోకి వచ్చాడు. వెనకే టైమ్‌కీపర్ సువార్తరావు, చంకలో ప్యాడు, భుజాన ఎప్పుడూ వదలని ఫ్లాస్కు.

"జలంధర్, చువ్వలు కట్టడానికి ఎనిమిది మందిని తీసుకుపో. మీరు వాళ్ళలాంటోళ్ళు కాదు, మంచోళ్ళు. రేపట్నుంచి వీళ్ళందరి మీదా నువ్వే చార్జ్‌హ్యాండ్. నీ కాంట్రాక్టు కాగితం నా టేబుల్ మీదే ఉంది, ఇవాళే సంతకం పెడతా," అని హిందీలో చెప్పి, పేర్లు రాయమని సువార్తరావుకు పురమాయించి పోయాడు.

కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. ఆ సంతకం పడకపోతే జలంధర్ ఇంటిదారి పట్టాల్సిందే. భార్య స్వర్ణ రోజూ పొద్దున ఫోన్ చేసి అడిగేది ఆ ఒక్క మాటే.

"పోదాం పా అన్నా," అన్నాడు గజేందర్. "రెండు గంటల పని. గా నల్లోళ్ళ కోసం మనమెందుకు ఆగమైతం? వాళ్ళేమన్న మనోళ్ళా?"

"ఫోర్‌మన్ మనోడారా?"

"మనకు ఏసీ ఇచ్చిండు గద!"

"ఇచ్చినోడే ఇయ్యాల తీస్తుండు. ఇంకా తెల్వదా నీకు?"

షెడ్డులో గోల లేచింది. పోదామని సగం మంది, ఆ ఎండలో చస్తామని సగం మంది. ఆ కెన్యావాడు పడకపోతే మనదాకా వచ్చేది కాదని ఒకడు విసుక్కున్నాడు. జలంధర్‌కు ఒళ్ళు మండిపోయింది.

సువార్తరావు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, నా మాట వినండి. పేర్లిచ్చేస్తే గొడవుండదు. లేకపోతే అందర్నీ ఫ్లైటెక్కించేస్తానంటున్నాడు."

"సారూ," అన్నాడు జలంధర్, "మీ రాజోలు దిక్కు మీ తాత హోటల్ల దేంట్ల తాగిండు?"

సువార్తరావు మొహం పాలిపోయింది. భుజాన ఉన్న ఫ్లాస్కు దించి చేతిలో పట్టుకున్నాడు.

"కొబ్బరిచిప్పలోనండి," అన్నాడు చివరికి. "ఈ ఫ్లాస్కు చూసి నాకు పొగరని మీరంతా నవ్వుకుంటారు, నాకు తెలుసు. ఆఫీసులో పెద్దోళ్ళ కప్పులు నాలాంటోడు ముట్టుకోకూడదండి. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నానిది." పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "నేను పేర్లు రాయను. అంతకు మించి నావల్ల కాదండి, పిల్లలున్నారు."

జలంధర్ నడుము నుంచి తీగలు తెంపే కటింగ్ ప్లేయర్ తీసి కూలర్ దగ్గరికి నడిచాడు.

"ఈ మగ్గు కట్టింది నేనే. మా నాయిన గ్లాసు పలగ్గొట్టినోన్ని, ఈడికొచ్చి గిది కట్టిన. మనకు ఏసీ ఇచ్చి వాళ్ళను ఎండలేసేటందుకు ఫోర్‌మన్‌కు దారి జూపింది నేనే."

తీగ తెగింది. తలుపు తీసి కెన్యావాళ్ళను లోపలికి పిలిచాడు. ఒమోండితో వచ్చీరాని హిందీలో అదే మాట చెప్పాడు.

"మాలూమ్," అన్నాడు ఒమోండి. తనకు తెలుసట. కడుతుండగా చూశాడట. "రెండు ముడులు వేశావు. బాగా గట్టిగా."

క్షమించానని అనలేదు. జలంధర్ చేతిలోంచి మగ్గు తీసుకుని నిండా నీళ్ళు పట్టాడు. తను తాగలేదు. తీసుకెళ్ళి గజేందర్ ముందు చాచాడు.

గజేందర్ మగ్గును చూశాడు, ఒమోండి చేతిని చూశాడు. మగ్గు అందుకుని గటగటా తాగేసి పక్కవాడికి అందించాడు. మగ్గు మళ్ళీ మళ్ళీ నిండుతూ షెడ్డంతా తిరిగింది. కొందరు కళ్ళు మూసుకుని తాగారు. తాగారు కదా!

ఫోర్‌మన్ వచ్చేసరికి నలభై ఐదుగురూ ఏసీ కింద కలిసి కూర్చుని ఉన్నారు.

"లీడర్ కౌన్?"

నలభై ఐదుగురూ లేచి నిలబడ్డారు. ఫోర్‌మన్ అరిచాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. ఎవరూ బయటికి కదల్లేదు. మూడున్నర కొట్టాక అందరూ కలిసే పనిలోకి దిగారు. చట్టం చెప్పిన వేళకు.

కానీ కూలర్ పైన కెమెరా ఉంది. తీగ తెంపిన మొహం అందులో పడింది. మర్నాడు పొద్దున్నే వాళ్ళుండే ముఐథర్ లేబర్ క్యాంపు ముందు కంపెనీ వ్యాను ఆగింది. జలంధర్‌కు పెట్టె సర్దుకోవడానికి పది నిమిషాలు ఇచ్చారు.

ఎయిర్‌పోర్టులో కూర్చుని ఉండగా స్వర్ణ ఫోన్ చేసింది. "దుబాయ్ల సంతకం అయ్యిందా?" ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"కాలే. ఇంటికొస్తున్న."

"అయ్యో! ఏం జేసినవ్?"

"చేసిందొకటి తప్పుంటే దిద్దుకున్న. వచ్చినంక చెప్త."

ఆమె ఏడుస్తూ పెట్టేసింది. జలంధర్‌కు ఇన్నేళ్ళ కష్టం ఒక్క తీగముక్కతో పోయింది. తన తర్వాత మళ్ళీ అదే షెడ్డు, అదే మగ్గేనేమో.

మధ్యాహ్నం గజేందర్ ఫోన్ వచ్చింది. వెనక జనం గోల.

"అన్నా, గా పడ్డోడు మంచిగనే ఉన్నడు. గిది విను. పొద్దుగాల ఫోర్‌మన్ కొత్త మగ్గు తెచ్చి వాడే కట్టిండు. పదింటికి జూస్తే లేదు. మళ్ళ కట్టిండు, మళ్ళ మాయం. కెమెరా మీద ఎవడో తువ్వాల కప్పిండు. ఎవడు తెంపిండని మస్తు ఒర్రుతుండు."

"ఎవడు తెంపిండ్రా?"

"వాడు గూడ గదే మాట అడిగిండు. అందరం నడుములకెళ్లి కటింగ్ ప్లేయర్లు తీసి వాని కాళ్ళ ముందట కుప్ప బోసినం. ఒమోండి వాళ్ళయి గూడ. అండ్ల ఏది తెంపిందో ఏరుకొమ్మన్నం."