పెరట్లో ఇంకో ఇల్లు

నేను ఒక కొలత టేపును. పసుపు రంగు, వంద అడుగుల పొడవు, నల్లటి గుండ్రటి డబ్బా, పక్కన తిప్పడానికి చిన్న పిడి. ఏదో ఫ్యాక్టరీలో నా ఒంటి మీద అంకెలు అచ్చేసి, సరిగ్గా ఉన్నానని ముద్ర కూడా వేసి పంపారు. నిజమే చెబుతానని నాకో గర్వం ఉండేది. మనుషుల చేతిలో పడ్డ వారానికే అది కాస్తా పోయింది.

నన్ను మొదట కొన్నది బాపట్లలో ఒక స్థలాల బ్రోకరు. కొనేటప్పుడు నన్ను తీగలా బిగించి లాగేవాడు, అమ్మేటప్పుడు ఉయ్యాలలా వదులుగా పట్టుకునేవాడు. అదే స్థలం ఒకసారి చిన్నదయ్యేది, ఒకసారి పెద్దదయ్యేది. అబద్ధం ఆయన ఆడితే అంకె నా మీద కనబడేది. ఆయన వ్యాపారం మానేశాక ఇళ్ల ప్లాన్లు గీసే నాజర్‌వలీ చేతికొచ్చాను. నాజర్‌వలీ నెమ్మదస్తుడు. నన్ను ఎంత బిగించాలో అంతే బిగించేవాడు, వాడాక గుడ్డతో తుడిచేవాడు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లున్నాను. ఎన్నో ఇళ్లు కొలిచాను గానీ, ప్రమీలారాణి పెరడు కొలిచినంత కష్టం ఎప్పుడూ పడలేదు.

ప్రమీలారాణి పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఊరి చివర కాలనీలో అయిదు సెంట్ల స్థలంలో తన సంపాదనతో కట్టుకున్న ఇల్లు, ఒంటరి మనిషి. ఇంటి వెనక ముప్పై మూడు అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల లోతున పెరడు, అందులో ఒక జామచెట్టు. ఆ పెరట్లో ఒక గది, చిన్న వంటిల్లు, స్నానాల గది వచ్చేలా విడిగా ఇల్లు కట్టాలంది. అద్దెకా అని నాజర్‌వలీ అడిగాడు.

“కాదు. మా అత్తగారికి.”

ఆయన మామూలుగా, పెద్దావిడ కదా, మీ వంటింట్లోంచి ఒక తలుపు పెడితే రాకపోకలకు బాగుంటుందన్నాడు. ప్రమీలారాణి పెన్సిలు లాక్కుని ఆ తలుపు గీతను కొట్టేసింది.

“ఆవిడ ఉండేది నా స్థలంలో. నా ఇంట్లో కాదు.”

ఆ మాటకు వెనక ఇరవై ఆరేళ్ల కథ ఉంది. అది ఆమె ముక్కలు ముక్కలుగా, కొలతల మధ్యలో చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు. ఆమెకు నర్సు ఉద్యోగం కొత్త. మగ రోగుల ఒళ్లు తుడిచే కోడలు మాకెందుకని అత్తగారు శేషారత్నం రోజూ సాధించేది. ఒకరోజు డ్యూటీ ముగించుకుని పొద్దున ఎనిమిదింటికి ఇంటికొస్తే ఆమె ట్రంకు పెట్టె వీధి అరుగు మీద ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎంత కొట్టినా తియ్యలేదు. పాలవాడు, ఎదురింటివాళ్లు చూస్తుండగా పెట్టె తనే రిక్షాలో పెట్టుకుని వెళ్లిపోయింది. భర్త భాస్కరం వెతుక్కుంటూ రాలేదు. తరవాత ఆయన వేరే ఊరు వెళ్లి ఎవరితోనో ఉన్నాడని విన్నది. నిరుడు పోయాడనీ విన్నది.

కొడుకు పోయాక శేషారత్నానికి నిలవ నీడ లేకుండా పోయింది. ఒక దూరపు బంధువు వసారాలో పడుకుంటూ, వాచిన కాళ్లతో ఆసుపత్రి చీటీల వరసలో నిలబడింది. చీటీ మీద పేరు చదివి ప్రమీలారాణి తలెత్తి చూసింది. ముసలావిడా గుర్తుపట్టింది. నర్సు బీపీ చూసి, మందులు రాయించి, ఎక్కడ ఉంటున్నారని మాత్రం అడిగింది. వారం తిరక్కుండా నాజర్‌వలీకి ఫోను చేసింది.

ఇంత ద్వేషంతో ఎందుకు కట్టడమని నాజర్‌వలీ అడగలేదు. ఆమే చెప్పింది. ఆవిడ రోడ్డు మీద పోతే, ఇల్లుండి కూడా కోడలు చూడలేదంటారట. ఒకసారి ఊరంతా తనని చూసింది చాలట.

ప్లాను గీయడానికి నెల పట్టింది. శేషారత్నం ఊరుకునే మనిషి కాదు. పెరట్లో గది సంగతి తెలిసి, వసారాలో ఉంటూనే, ప్లాను చూపించందే తను అడుగు పెట్టనని కబురు పంపింది. తన తలుపు తూర్పుకే ఉండాలంది. తూర్పున ఉన్నది ప్రమీలారాణి వంటిల్లు. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ ఆ మొహం చూడనని, తలుపు పడమర ప్రహరీ వైపు తిప్పమని ఆమె అంది. జైల్లో కూడా గాలి వస్తుందని శేషారత్నం అంది. నాజర్‌వలీ ఇద్దరి మధ్యా నాలుగుసార్లు తిరిగి, చివరికి ఉత్తరం వైపు, జామచెట్టు వైపు తలుపు పెట్టాడు. ఆ దిక్కు ఇద్దరికీ నచ్చలేదు. అందుకే ఇద్దరూ ఒప్పుకున్నారు.

స్నానాల గది దగ్గర మాత్రం ప్రమీలారాణి ఎవరి మాటా వినలేదు. గడప ఉండకూడదు, తలుపు మూడడుగుల వెడల్పుండాలి, బయటికి తెరుచుకోవాలి, గోడకు పట్టుకోవడానికి రెండు చోట్ల కడ్డీలుండాలి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డం పడుతుంది, ఎందర్నో అలా చూశానంది. ఇది విని ముసలావిడ మండిపడింది. తను ఎప్పుడు పడిపోతానా అని ఇప్పట్నుంచే కాచుకుని కూర్చుందంది. లోపల గడియ కూడా ఉండదా అని అడిగించింది.

“ఉండదు. గడియ వేసే ముచ్చట ఆవిడకు ఒకసారి తీరింది” అంది ప్రమీలారాణి. ఈ మాట మాత్రం నాజర్‌వలీ అవతలికి మొయ్యలేదు.

పునాదికి ముగ్గు పొయ్యడానికి ముందు ఆఖరిసారి కొలవాలి. ఆ రోజు శేషారత్నం కర్ర పట్టుకుని తనే వచ్చింది. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, జామచెట్టు కింద నిలబడింది. నాజర్‌వలీతో వచ్చే మనిషి జ్వరమని మానేశాడు. నన్ను పట్టుకోవడానికి రెండో మనిషి లేడు. ఆయన కాగితం మీద రాసుకోవాలి. కాసేపు తటపటాయించి, నా కొసను ముసలావిడ చేతికిచ్చి వెనక ప్రహరీకి ఆనించి పట్టుకోమన్నాడు. డబ్బా ప్రమీలారాణి చేతికిచ్చి ఇంటి గోడ దగ్గర నిలబడమన్నాడు.

అలా ఇరవై ఆరేళ్ల తరవాత ఆ ఇద్దరూ ఒకే వస్తువును పట్టుకున్నారు. ఆ వస్తువు నేనే. ఒకామె చేతికి మందుల వాసన, ఇంకొకామె చేతికి కర్ర పట్టిన కాయలు. ఇటు నర్సు బిగించి లాగింది. అటు ముసలావిడ వదల్లేదు. నా అంకెలు సాగిపోతాయేమోనని భయపడ్డాను.

నాజర్‌వలీ రాసుకున్నాడు. మధ్యలో పన్నెండడుగుల కట్టడం, వెనక బట్టలు ఉతుక్కోవడానికి అయిదడుగులు, రెండిళ్లకూ నడుమ ఏడడుగులు. ప్రమీలారాణి ఆ ఏడడుగుల మీద చూపు నిలిపి, ఎవరితోనూ కానట్టు అంది:

“ఆ మహానుభావుడు ఉద్యోగం చేసే పెళ్లాం వద్దంటే నాతోనే చెప్పి ఉండాల్సింది. తల్లి చేత పెట్టె బయట పెట్టించాడు. మగాడే అయితే తనే పెట్టేవాడు.”

శేషారత్నం నా కొసను గోడకు ఇంకా గట్టిగా నొక్కింది.

“వాణ్ణి అనకు. వాడికి తెలీదు.”

నాజర్‌వలీ పెన్సిలు ఆగిపోయింది.

“వాడు ఆ రోజు ఊళ్లో లేడు. పెట్టె నేనే పెట్టాను. వాడొచ్చాక, నీ పెళ్లాం నీతో ఉండనని పెట్టె సర్దుకుని పోయిందని చెప్పాను. వాడు రెండు రోజులు అన్నం తినలేదు. పోయి అడుగుతానంటే, మళ్లీ దాని కాళ్లు పట్టుకుంటావా అని నేనే ఆపాను. చచ్చిపోయినవాణ్ణి నా మూలంగా మాటలు పడనివ్వను. గది కట్టిస్తే కట్టించు, లేకపోతే మానెయ్.”

నేను మెల్లగా వదులయ్యాను. డబ్బా పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. ప్రమీలారాణి నన్ను ఇంటి గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ముసలావిడ అటు కొసను వదలకుండా, ఇక అక్కడ ఏం కొలవాలో తెలియక, అలాగే నిలబడి ఉంది. నాజర్‌వలీ కూర్చోమన్నా కూర్చోలేదు. ఇక పని అయిపోయిందనుకుని ఆయన కాగితాలు మడుస్తుంటే తలుపు తెరుచుకుంది. ప్రమీలారాణి మొహం కడుక్కుని వచ్చింది. ముసలావిడ వైపు చూడలేదు.

“ఆ కట్టడం ఇంకెంత వెనక్కి జరపొచ్చు?”

“రూలు ప్రకారం ప్రహరీకి మీటరు వదలాలి సిస్టరమ్మా. అంటే ఇంకో అడుగు ముప్పావు జరుగుతుంది. ఆ తరవాత ఇక చోటు లేదు.”

“అయితే అక్కడిదాకా జరపండి. స్నానాల గదికి చెప్పినవేవీ మారకూడదు.”

వెనక్కి జరిగింది గానీ, రద్దు కాలేదు. శేషారత్నం నా కొస వదిలేసి, కర్ర తీసుకుని, సందులోంచి వెళ్లిపోయింది.

పునాది తవ్వేరోజు మేస్త్రీ పార నా మీద పడింది. ఇరవై రెండో అడుగు దగ్గర తెగిపోయాను. నాజర్‌వలీ దగ్గరకు అప్పటికే ఎర్ర చుక్కతో కొలిచే యంత్రం వచ్చింది. నా మిగతా భాగాన్ని డబ్బాతో సహా సంచీలో వేసుకుని, తెగిన ముక్కను ఇసక కుప్ప పక్కన వదిలేశాడు. తెగినప్పుడు ప్రాణం ఏ ముక్కలోకి వెళ్తుందో తెలీదు గానీ, నాకు గుర్తున్నదంతా ఈ ముక్కలోనే మిగిలింది.

అయిదు నెలలకు ఇల్లు పూర్తయింది. శేషారత్నం ఒక చేతిసంచీతో వచ్చి దిగింది. మూలన దొరికిన నన్ను కడిగి, రెండు పేటలుగా వేసి, తన కిటికీ ఊచకూ జామకొమ్మకూ మధ్య దండెం కట్టింది. ఇప్పుడు కొలతలు లేవు. రోజూ ఒక తెల్లచీర మోస్తాను.

వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. పనిమనిషి క్యారియరు తెచ్చిస్తుంది, ఆదివారం ప్రమీలారాణి వచ్చి బీపీ చూసి అంకె ఒక్కటే చెప్పి వెళ్తుంది. కూరలో ఉప్పు తక్కువని ముసలావిడ జామచెట్టుతో చెబుతుంది. బీపీ ఉన్నవాళ్లకు అదే ఎక్కువని వంటింటి కిటికీ బదులిస్తుంది.

మొన్న ఒక పొద్దున శేషారత్నం ఒళ్లు బాగాలేక లేవలేదు. తొమ్మిదైనా నా మీద చీర పడలేదు. అంతలో వంటింటి తలుపు దఢాలున తెరుచుకుంది. ప్రమీలారాణి బీపీ మిషన్ పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా ఆ ఎనిమిదిమ్ముప్పావు అడుగులూ దాటి వచ్చింది.

“ఉన్నారా?”

“ఉన్నాను. నీకేం పని?”

“ఏం లేదు. చీర కనబడలేదు.”

బీపీ చూసి, అంకె చెప్పి, మాత్ర మింగించి వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి శేషారత్నం ఎనిమిది కాకముందే చీర ఆరేస్తోంది. ఉతకని రోజున కూడా, మడత విప్పి, నీళ్లలో ముంచి, తెచ్చి నా మీద వేస్తోంది.