సర్కారు మందు

కేతేపల్లి చుట్టుపక్కల గొర్రెలకు చిటుకు రోగం తగిలిన ఏడు, ఒక మందుల కంపెనీ వాళ్లు ఖాకీ బట్టలేసుకుని, జీపుకు సర్కారు బోర్డు కట్టుకుని మందు అమ్మడానికి వచ్చారు. గొర్రెల కాపరి గుర్వయ్య తేలిగ్గా నమ్మే మనిషి కాదు. తాతల పద్ధతిలో ముందు ముసలి పొట్టేలుకు తాగించి చూశాడు. అది మర్నాడు కూడా హాయిగా మేసింది. దాంతో మంద మొత్తానికీ కొని పోశాడు.

వారానికి అసలు సర్కారు పశువుల డాక్టరు ఉచిత టీకా సూదులతో వచ్చాడు.

“మీ సర్కారోళ్లే మందు పోసిపోయిన్రు సారూ. ఊకె ఇచ్చే సూదిల ఏం తాకతుంటది? పోరాదుండ్రి!” అని నవ్వాడు గుర్వయ్య. డాక్టరు ఎంత బతిమాలినా మందను తాకనివ్వలేదు.

సీసాల్లో ఉన్నది రంగునీళ్లు. అందుకే పొట్టేలు చావలేదు. రోగం వచ్చాక మాత్రం మందలో ఒక్క జీవమూ మిగల్లేదు.

“ఆ దినం నన్ను నాలుగు తన్ని సూదులేస్తే కాకపోవునా సారూ!” అని చచ్చిన గొర్రెలను పాతే గొయ్యి తవ్వుతూ ఏడ్చాడు గుర్వయ్య. మళ్లీ వచ్చిన డాక్టరు ఇంకో గడ్డపార అందుకుని, అతని పక్కనే తవ్వసాగాడు.