ముప్పై రెండు చెక్కలు

సైదులును మట్టిలోంచి తీయకముందే చెక్కలు దించమన్నారు. దించాను. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే.

1986 ఎండాకాలం. ఎల్బీ నగర్ చౌరస్తా అవతల జనార్ధన్ పటేల్ ద్రాక్షతోట ప్లాట్లయింది, ప్లాట్లు కాలనీ అయ్యాయి. ఆ కాలనీకి మురుగు పైపులు వేసే కాంట్రాక్టు కూడా పటేల్‌కే వచ్చింది. పదిహేను అడుగుల లోతు కందకం తవ్వాలి. అంత లోతులో మట్టి కూలకుండా రెండు గోడలకూ చెక్కలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కాగితం మీద ఎవరూ చావరు.

నా పేరు జానయ్య. పటేల్ లారీ మీద హమాలీని. నాతోపాటు జంగయ్య ఉండేవాడు. సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్, నాలుగు చోట్లా పటేల్ పనులే నడుస్తున్నాయి. నాలుగింటికీ కలిపి ఉన్నది ఒక్క జత. ముప్పై రెండు చెక్కలు.

ప్రతి బేస్తవారం ఇంజనీరు జీపు నాలుగు చోట్లా తిరిగేది. జీపు ఆగే చోట నాలుగు గజాల మేర చెక్కలు కట్టి ఉంచేవాళ్ళం. ఇంజనీరు పైనుంచే చూసి, రాసుకుని, దారిలో హోటల్లో చాయ్‌కి కూర్చునేవాడు. ఆ చాయ్ గంటసేపు చల్లారేది కాదు. ఈలోగా ఈల ఊదితే కూలీలు నీళ్ళకని పైకి వచ్చేవారు. మేం చెక్కలు పీకి లారీలో వేసుకుని తర్వాతి చోటికి పరుగు. మిగతా ఆరు రోజులూ చెక్కలు పెద్ద అంబర్‌పేట్ గోదాములో హాయిగా పడుకునేవి. అవి కడుతూ పోతే తవ్వకం సాగదని పటేల్ లెక్క.

ఇదంతా నాకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు.

ఆ బేస్తవారం కొత్తపేట దాటగానే లారీ టైరు పోయింది. అరగంట ఆలస్యం. మేం చేరేసరికి ఎల్బీ నగర్ కందకం మీద ఎర్రటి దుమ్ము లేచి ఉంది. ఆడవాళ్ళ ఏడుపులు రోడ్డు దాకా వినపడుతున్నాయి. ఒక పక్క గోడ మొత్తం లోపలికి జారిపోయింది. లోపల సైదులు. నల్లగొండ నుంచి ఏడాది కిందట వచ్చిన మనిషి. అతని భార్య ముత్తమ్మ ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒట్టి చేతులతో తోడుతోంది.

"పొద్దుగాలనే చెప్పిన సారూ!" అని అంతయ్య తాత అరుస్తున్నాడు. ఒకప్పుడు పటేల్ తోటలో జీతమున్న మనిషి ఆయన. "ఈడ పాత బాయి ఉండె. పటేలే పూడిపిచ్చిండు. మన్ను ఆగది, చెక్కలు కట్టేదాక దిగొద్దని చెప్పిన!"

నాలుగు పనులకూ సూపర్‌వైజరైన వెంకటేశ్వర్లు గుంటూరు వైపు మనిషి. వినిపించుకోలేదు. మా లారీని చూడగానే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటలా చూస్తున్నారు? ముందు చెక్కలు దించండి! జీపొచ్చేస్తోంది!"

"మనిషి లోపల ఉన్నడు సారూ," అన్నాడు జంగయ్య.

"తీస్తున్నారుగా వాళ్ళు! మీరు చెప్పింది చెయ్యండయ్యా!"

చేశాం. పైనుంచి ఒక్కొక్కటే కందకంలోకి విసిరాం. ఒక చెక్క ముత్తమ్మ పక్కనే పడింది. ఆమె దాన్ని అవతలికి తోసి, ఒకసారి తలెత్తి నా మొహంలోకి చూసి, మళ్ళీ తోడసాగింది. చెక్కలు విసిరిన ఆ కాసేపు మేమూ పారలు పట్టుకుని దిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియదు అనుకుంటే తప్ప నాకు ముద్ద దిగదు.

సైదులును తీసేసరికి ఊపిరి లేదు. జీపు వచ్చింది. కూలిన మట్టిలో చెక్కలు కనిపించాయి. ఇంజనీరు రాశాడు: కూలీ సైదులు వంటచెరకు కోసం అడ్డకర్రలు ఊడదీసినందున ప్రమాదం జరిగినది.

ముత్తమ్మకు ఎవరో చదివి వినిపించారు. "నా మొగడు దొంగనా?" అంది.

* * *

ఆదివారం మధ్యాహ్నం ఎల్బీ నగర్ కూలీల గుడిసెల దగ్గరికి వెళ్ళాను. పనిలేని పూట, అందరూ ఉన్నారు. నిలబడే చెప్పాను. చెక్కలు మేం తర్వాత వేశామని, నాలుగు చోట్లా తిరిగేది ఒక్కటే జత అని.

ఒకడు లేచి నా కాలర్ పట్టుకున్నాడు. రెండు దెబ్బలు పడ్డాయి. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఇడువుండ్రి," అంది ముత్తమ్మ. "ఇంకేమున్నదో చెప్పనియ్యుండ్రి."

"అబద్ధం," అన్నాడు అంతయ్య తాత. "సైదాబాద్‌ల పాలమూరోళ్ళకు రోజు చెక్కలు కడ్తరంట. వాళ్ళు పటేల్‌కు కావల్సినోళ్ళు. మనకే పెట్టరు. మేస్త్రి ఒట్టేసి చెప్పిండు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "తాతా, సైదాబాద్‌ల పాలమూరోళ్ళేమంటరో తెల్సా? ఎల్బీ నగర్‌ల నల్లగొండోళ్ళు పటేల్ ఇంటికాడోళ్ళు, వాళ్ళకే అన్ని చెక్కలు అంటరు. కొత్తపేటల శ్రీకాకుళపోళ్ళు మీ ఇద్దర్నీ తిడ్తరు."

మేస్త్రులు ఏ రెండు కూలీ ముఠాలనూ ఒకచోట కలవనిచ్చేవారు కాదు. ఒకరి యాసను మరొకరి ముందు వెక్కిరించేవారు. రెండేళ్ళు కూలీలు ఒకరిమీద ఒకరు పళ్ళు నూరుకుంటూ ఒట్టి మట్టిగోడల మధ్య దిగారు. లేని చెక్కల కోసం ఉన్న మనుషులను తిట్టుకున్నారు.

"మరి మేం నిన్నెట్ల నమ్మాలె? నువ్వు లారీ మనిషివి," అన్నాడు కాలర్ పట్టుకున్నవాడు.

ముత్తమ్మ ఆలోచించింది. "నమ్ముడెందుకు? చూద్దాం. చెక్క మీద ఆనవాలు వెడ్త. అదే తిరుగుతుంటె మళ్ళ మన కాడికే రావాలె గద."

బేస్తవారం ఎల్బీ నగర్‌లో చెక్కలు కట్టినప్పుడు ఆమె తడిసున్నంలో అరచేయి ముంచి, ఒక చెక్క వెనుక వైపు, మట్టి గోడకు ఆనే వైపు అద్దింది. వారం పాటు ఆ చెయ్యి గోదాములో ఎండింది. మరుసటి బేస్తవారం సైదాబాద్‌లో ఆ చెక్కను నేను కావాలనే అండాలమ్మ ముందు దించాను. పాలమూరు ముఠాలో అందరూ ఆమె మాటే వినేవారు.

"ఇదెవరి చెయ్యి?" అంది.

"మొన్న ఎల్బీ నగర్‌ల మొగడు సచ్చిపోయిన ఆమెది, అక్కా. వాళ్ళకు మీ చెక్కలే. మీకు వాళ్ళ చెక్కలే. వేరే లెవ్వు."

అండాలమ్మ ఆ ఎండిన సున్నం మీద వేళ్ళు పెట్టి కొలిచినట్టు చూసింది. "సన్నపు చెయ్యి," అని, సున్నం తెమ్మని కేకేసింది. పక్కనే తన చెయ్యి వేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకరు, కొత్తపేటలో ఒకరు. సాయంత్రం ఎల్బీ నగర్ చేరేసరికి ఒక్క చెక్క మీద నాలుగు చేతులున్నాయి. అంతయ్య తాత దాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఇన్నొద్దులు వాళ్ళను తిట్టుకుంట బతికిన," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

* * *

అంతలో కబురొచ్చింది. సైదులు చావు మీద విచారణకు పెద్ద ఇంజనీరు వచ్చే బేస్తవారం వస్తున్నాడు. నాలుగు చోట్లా చెక్కలు ఉన్నాయని ఆయన రాసుకుపోతే ఇక తిరుగులేదు. సైదులు దొంగగానే మిగిలిపోతాడు. పాత బావి మీది పని మళ్ళీ మొదలవుతుంది, దాంట్లోకి అంతయ్య తాత ముఠాయే దిగాలి.

ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి నాలుగు చోట్ల వాళ్ళూ వచ్చారు. అండాలమ్మ ముత్తమ్మ పక్కన కూర్చుంది. వాదన గట్టిగానే జరిగింది.

"రేపట్నుంచే పని బంద్ చేద్దాం," అన్నారు కుర్రవాళ్ళు.

"బంద్ చేస్తె రెండొద్దులల్ల వేరే మందిని లారీల దించుతడు," అన్నాడు అంతయ్య తాత. "వాళ్ళు సస్తరు."

"పెద్ద సారు కాళ్ళు పట్టుకుని చెప్దాం."

"చెప్పినంక? సాక్ష్యం ఏదంటడు."

"లారీ ఆపుదాం. చెక్కలు తగలబెడదాం."

అప్పుడు ముత్తమ్మ నా వైపు తిరిగింది. "జానయ్యా, లోపల మనుషులుండంగ చెక్కలు గుంజుతరా మీరు?"

"ఎట్ల గుంజుతమక్కా! మన్ను మీద పడ్తది. అందుకే ఈల ఊది పైకి పిలుస్తరు."

"పైకి రాకుంటె?"

అందరికన్నా ముందు అండాలమ్మ నవ్వింది. మీరు సభల్లో నన్ను అడుగుతుంటారు, ఆ ఎత్తు ఏ నాయకుడిదని. మొగుడు పోయి పదిహేడు రోజులైన మట్టిపని మనిషిది.

* * *

బేస్తవారం పొద్దున సైదాబాద్. పెద్ద ఇంజనీరు కళ్ళద్దాలు సరిచేసుకుని వంగి చూశాడు. చెక్కలు లెక్కపెట్టి రాసుకున్నాడు. "బాగుంది," అన్నాడు. పటేల్ ఆయన్ను చాయ్‌కి తీసుకుపోయాడు. వెంకటేశ్వర్లు ఈల ఊదాడు.

ఎవరూ పైకి రాలేదు.

మళ్ళీ ఊదాడు. లోపల గడ్డపారల చప్పుడు ఆగలేదు. ఇరవైమంది, చెక్కలకు వీపులు దాదాపు ఆనించి తవ్వుతున్నారు.

"ఏంటమ్మా, వినపడట్లేదా? పైకి రండి, నీళ్ళు తాగండి!"

"దూప లేదు సారూ," అంది అండాలమ్మ. "పని జేస్తున్నం. పని జేస్తుంటె గూడ తప్పేనా?"

"జానయ్యా! లాగరా చెక్కలు!"

నేను మట్టికుప్ప మీద కూర్చున్నాను. జంగయ్య నా పక్కన కూర్చున్నాడు.

"మీరే గుంజుండ్రి సారూ," అన్నాను. "లోపల ఇరవైమంది ఉన్నరు. ఒక్క సైదులు సాల్లేదా?"

వెంకటేశ్వర్లు చెక్క మీద చెయ్యి వేశాడు. లోపలి నుంచి ఇరవై మొహాలు పైకి చూశాయి. ఆయన చెయ్యి తీసేశాడు. "నా ఉద్యోగం పోతుందయ్యా," అన్నాడు ఏడుపు గొంతుతో. "పిల్లలున్నారు నాకు."

"సైదులుకు గూడ ఉన్నరు," అంది అండాలమ్మ.

జీపు దిల్‌సుఖ్‌నగర్ చేరింది. అక్కడ చెక్కలు లేవు. కూలీలు గట్టు మీద వరసగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొత్తపేటలోనూ అంతే. ఎల్బీ నగర్‌లో ముత్తమ్మ జీపుకు ఎదురువెళ్ళి, "రాండ్రి సారూ, నా మొగడు ఊడదీసిన కట్టెలు సూపిస్త," అందట. పెద్ద ఇంజనీరు ఏ దేవుడూ కాదు, ఆయనా పటేల్ బల్ల మీద తిన్నవాడే. కానీ మూడు చోట్ల మూడొందల మంది చూస్తుండగా ఏదో ఒకటి అడగక తప్పదు కదా. "చెక్కలేవయ్యా?" అని అడిగాడు.

పటేల్ నెపం కూలీల మీదికి తోశాడు. తర్వాత ఎల్బీ నగర్ ఠాణాకు పోయి ఫిర్యాదు ఇచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి పోలీసులు నన్ను మట్టికుప్ప మీదినుంచి లేపి జీపులో వేశారు. రెండు దెబ్బలు అక్కడ, నాలుగు ఠాణాలో. అవి మొదటి ఆదివారం దెబ్బలంత నొప్పి పెట్టలేదు.

గంటలో ఠాణా ముందు జనం నిండారు. నాలుగు చోట్ల నుంచీ నడిచి వచ్చారు, మట్టి కాళ్ళతో, పారలతో. ఏం కేసో చెప్పమని అరుస్తున్నారు. లోపల హెడ్డు నా వేలిముద్ర కోసం పటేల్ ఫిర్యాదు కాగితం ముందుకు తోశాడు.

"చదివి వినిపించుండ్రి. వినకుంట వెయ్య," అన్నాను.

విసుక్కుంటూ కిటికీ పక్కన నిలబడి చదివాడు. "నా వద్ద గల మొత్తం ముప్పై రెండు చెక్కలను సైదాబాద్ పని స్థలము నందు కూలీలు, హమాలీ జానయ్య ప్రోద్బలముతో, బలవంతముగా ఆపివేసినందున, మిగిలిన మూడు స్థలములలో కందకములకు చెక్కలు లేకుండా..."

హెడ్డు ఆగాడు. కాగితం కేసి మళ్ళీ చూశాడు. కిటికీ బయట కూడా గోల ఆగింది.

"మళ్ళొక్కసారి సదువుండ్రి సారూ," అంది ముత్తమ్మ, కిటికీ ఊచలు పట్టుకుని. ఆమె వేళ్ళ సందుల్లో సున్నం ఇంకా పోలేదు.

హెడ్డు చదవలేదు. అవసరమూ లేదు. అంతయ్య తాత వెనక్కి తిరిగి జనానికి చెప్పాడు: "మొత్తం ముప్పై రెండేనంట! పటేలే రాసిచ్చిండు! సైదాబాద్‌ల చెక్కలుంటె ఎల్బీ నగర్‌ల ఉండయంట!"

"అయితే నా మొగడు ఏం ఊడదీసిండు?" అని అడిగింది ముత్తమ్మ. హెడ్డును కాదు, ఎవరినీ కాదు. గట్టిగా, అందరికీ వినపడేలా. "లేని కట్టెలు ఎట్ల ఊడదీసిండు?"

ఆ ప్రశ్నను మూడొందల గొంతులు అందుకున్నాయి. లాఠీలు లేచాయి. అంతయ్య తాత నుదురు పగిలింది. జనం చెదిరి మళ్ళీ గుమిగూడారు, మళ్ళీ చెదిరారు, పొద్దు గూకేదాకా అక్కడినుంచి కదలలేదు.

మరునాడు పొద్దున నన్ను వ్యానులో కోర్టుకు తీసుకుపోయారు. బేడీలు వేసి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఎల్బీ నగర్ కందకం గట్టు మీద వరసగా జనం, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చున్నారు. పారలు పక్కన ఉన్నాయి. తాత తలకు గుడ్డ కట్టు ఉంది. ఒక్కరూ దిగలేదు. వ్యాను చూసి ముత్తమ్మ అరచేయి ఎత్తి చూపింది.

కొత్తపేటలోనూ అలాగే కూర్చున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూడా. వెంకటేశ్వర్లు ఈల చేతిలో పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

సైదాబాద్ ఆ దారిలో రాదు. చూడకపోయినా నాకు తెలుసు.