వానపాటల్లో లేని పాట

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో వచ్చే గంటసేపటి పాటల కార్యక్రమం ఆమెది. క్యాసెట్ల కాలంలో తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, ఒక గిటారో హార్మోనియమో పెట్టుకుని పాడినవాళ్ళ పాటలు వెతికి, వారానికో విషయం చుట్టూ కూర్చేది. ఒక వారం రైళ్ళు, ఒక వారం అమ్మలు. రేడియో స్టేషన్లో అందరూ ఆమెను ఆదివారం మేడమ్ అనేవారు. ఆ వారం విషయం వాన.

ఆ మాట చెవిన పడగానే బావ తన క్యాసెట్ వెతికి తెచ్చాడు. అక్క భర్త ఆయన, వృత్తికి దర్జీ. కుర్రతనంలో పాటలు రాసి, ఒక స్నేహితుడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, వాటిని రికార్డు చేసుకున్నాడు. అందులో ఒకటి వానపాట.

"బాగుంటేనే వెయ్యి. మొహమాటపడకు," అన్నాడు క్యాసెట్ చేతిలో పెడుతూ.

"చూస్తాను బావా," అంది.

ఆమె లెక్కలో చూస్తానంటే కుదరదని. బావ విన్నది మాత్రం వేస్తానని.

పాట చెడ్డదేమీ కాదు. చినుకులు మొదలవగానే బట్టలు తీయడానికి పరిగెత్తిన భార్య, తీయడం మానేసి ఆరేసిన చీర చాటున తడుస్తూ నవ్వుతూ నిలబడిపోతుంది. అంతే పాట. మాటలు ముద్దుగా ఉన్నాయి. కాని రెండో చరణంలో, రాగం పైకెళ్ళే చోట గొంతు జారింది. పైగా సొంతవాళ్ళ పాట వేసుకుందని ఎవరైనా అంటారేమోనన్న బెదురొకటి. చివర్లో ఒక్క పాటకు చోటు మిగిలితే, అందరూ ఎరిగిన ఒక గాయని పాట పెట్టి గంట పూర్తి చేసింది. బావకు ముందే చెప్పాలనుకుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆదివారం వచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"నిన్న మీ బావ కొట్లో అందర్నీ కూర్చోబెట్టారే. వాచీలు బాగుచేసే ఆయన్నీ, ఇస్త్రీ చేసే ఆయన్నీ, వాళ్ళావిణ్ణీ. నేను టీలు పెట్టాను. ఒక్కో పాటా అయిపోతుంటే, తర్వాతది నాదే అయ్యుంటుంది అంటూ వచ్చారు. చివరిది కూడా అయిపోయాక ఇస్త్రీ ఆయన వాచీలాయన మొహం చూశాడు. వాచీలాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఏమైందే, చిట్టీ?"

"బావ ఏమన్నారు?"

"ఏమంటారు? ఎవరిదో చొక్కా ముందేసుకుని గుండీలు కుడుతూ కూర్చున్నారు."

ఆ సాయంత్రం ఆమె కొట్టుకు వెళ్ళింది. బావ బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆయన నిష్ఠూరంగా ఒక్క మాటన్నా ఆమెకు తేలికయ్యేది. ఆయన నవ్వుతూ స్టూలు ముందుకు జరిపాడు.

"కార్యక్రమం బాగా కూర్చావు. కాకపోతే మధ్యలో రెండు ఏడుపు పాటలు పక్కపక్కనే పడ్డాయి. వాటి నడుమ ఒక తుంటరి పాట ఉంటే బాగుండేది."

"అవును బావా."

"చివరి పాట మాత్రం భలే పెట్టావు."

ఆ పాట ఎవరి చోటులో కూర్చుందో ఆమెకు తెలుసు. నిజం చెప్పడానికే వచ్చింది. నాలుక మీదికి వచ్చింది వేరొకటి.

"మీ క్యాసెట్ మిషన్లో చిక్కుకుంది బావా. టేపంతా నలిగిపోయింది. అందుకే వేయలేకపోయాను."

బావ సుద్ద కింద పెట్టాడు. మొహం ఒక్కసారిగా తేటపడింది.

"అంతేనా? పిచ్చిదానా, ఆ మాట ముందే చెప్పకూడదూ. పాట నచ్చలేదేమో అనుకున్నాను. పోయింది టేపేగా, పాట కాదుగా. నేనే వచ్చి మళ్ళీ పాడతాను."

ఇక వద్దనడానికి ఆమెకు దారి లేకపోయింది.

ఆ వారమంతా బావ సాధన చేశాడు. అక్క ఫోన్లో ఒకటే నవ్వు. "కొలతలు తీస్తూ కూడా పాడుతున్నారు. ఒకాయనకి ప్యాంటు ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా కుట్టారు. చల్లనీళ్ళు మానేశారు. నాతో కూడా సైగలతోనే మాట్లాడుతున్నారు, గొంతు అరిగిపోతుందట." ఆమె కూడా నవ్వేది. ఫోన్ పెట్టేశాక అన్నం కంచం పక్కకు జరిపేసేది.

రికార్డింగ్ రోజున బావ కొత్తగా కుట్టుకున్న చొక్కా తొడుక్కుని, పాత గిటారు పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. రికార్డింగ్ చూసే ఇంజనీరు పెద్దాయన, కలుపుగోలు మనిషి. మైకు సరిచేసి, ఏదో గుర్తొచ్చినట్టు సొరుగు లాగాడు.

"మేడమ్, వానపాటల కోసం తెచ్చిన క్యాసెట్ ఇక్కడే మరిచిపోయారు. ఊరికే పెట్టి విన్నాను. ఇన్నేళ్ళయినా టేపు చెక్కుచెదరలేదు."

క్యాసెట్ మీద బావ చేతిరాత. బావ క్యాసెట్ వైపు చూశాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"అది నకలండీ," అన్నాడు ఇంజనీరుతో. "అసలుది పోయింది. ఇందులో నేను సరిగ్గా పాడలేదు. అందుకే మళ్ళీ వచ్చాను."

పాట మొదలైంది. రెండో చరణంలో గొంతు మళ్ళీ అక్కడే జారింది. బావ ఆగి, కాసిని నీళ్ళు తాగి, శ్రుతి తగ్గించుకుని మొదటినుంచి పాడాడు. ఈసారి పాట ఎక్కడా తడబడకుండా, మెల్లగా ఇంట్లో మాట్లాడుకున్నట్టుగా సాగింది. అద్దానికి ఇవతల ఆమె తల ఎత్తలేకపోయింది.

బయట మెట్ల మీద, "బావా, నేను..." అంది.

"తెలిసిందిలే." ఆయన గిటారు సంచి మూతి కట్టుకుంటున్నాడు. "చొక్కా బిగుతైందని ఎవరైనా అంటే నేను కోప్పడతానా? విప్పి కుడతాను. ఎక్కడ పట్టేసిందో చెప్పాలి మరి."

"రెండో చరణంలో గొంతు జారింది. ఆ మాట మీతో అనలేకపోయాను."

"ఆ జారుడు నాకు తెలియంది కాదు." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "టేపు పోయిందన్నప్పుడు ఎంత సంతోషపడ్డానో. అదే కొంచెం..." అని మాట పూర్తి చేయలేదు. బస్సు వస్తుంటే రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మీ అక్కకి చెప్పకు. దానికి కోపమొస్తే ముందు నాకు అన్నముండదు."

తర్వాతి ఆదివారం విషయం వాన కాకపోయినా ఆమె ఆ పాట వేసింది. వేస్తున్నంతసేపూ స్టూడియోలో కూర్చోలేక వరండాలో నిలబడింది. కార్యక్రమం కాగానే అక్క ఫోన్.

"కొట్లో అందరూ చప్పట్లు కొట్టారే. వాచీలాయన రేడియో వైపు తిరిగి, మళ్ళీ వేయండీ అన్నాడు. మీ బావ మొహం చూడాల్సింది. ఎంత మంచి పని చేశావే చిట్టీ."

అక్క గొంతులో తడి. బావ ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట.

"ఏమే, పలకవేం?"

ఒక్కరైనా తనను తిడితే బాగుండుననిపించింది ఆమెకు. "వింటున్నానక్కా," అంది.