అక్కకి మేత

ఆ ల్యాబులో ఆమెను అందరూ ఆయా అనేవారు. చదివింది బయాలజీ, చేసేది టెక్నీషియన్ ఉద్యోగం, పిలుపు మాత్రం ఆయా. పిలిచేవాళ్ళ తప్పేం లేదు. పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తెరిచి, మనిషి ఒంటి వేడిలో వెచ్చగా పడుకున్న ఫ్లాస్కుల్ని ఒక్కొక్కటే బయటికి తీసి, పాత ద్రవం తోడేసి, కొత్తగా గులాబీరంగు ద్రవం పోయడం ఆమె పని. వాళ్ళ భాషలో దాన్ని మేత వేయడం అంటారు. ఫ్లాస్కు అడుగున మామూలు కంటికి ఆనని కణాలు అతుక్కుని ఉంటాయి. వాటి తాలూకు మనిషి పోయినా, మేత అందినంత కాలం అవి పోవు, పెరుగుతూనే ఉంటాయి. ఒక మనిషి నుంచి వచ్చిన కణాల సంతతి మొత్తాన్ని ఒక లైను అంటారు.

పంతొమ్మిదో లైను ఆయా అక్కది. ఆ సంగతి ఆయాకి తప్ప ల్యాబులో మరో నరమానవుడికి తెలియదు.

అక్క అంటే పదకొండు నిమిషాలు పెద్ద. ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలలు. ఒకదానికే రెండుసార్లు అన్నం పెట్టి రెండోదాన్ని పస్తు పడుకోబెట్టిన రోజులున్నాయని అమ్మ నవ్వుతూ చెప్పేది. ముప్ఫై ఆరేళ్ళకు అక్క భుజంలో కేన్సర్ గడ్డ లేచింది. మూడుసార్లు కోశారు. నాలుగోసారి, వైద్యానికి కాదు, పరిశోధనకి చిన్న ముక్క కావాలన్నారు. అక్క ఆయా చెయ్యి పట్టుకుంది.

“ఒసేయ్, ఇక నన్ను కొయ్యనివ్వకే. నీకు పుణ్యముంటుంది.”

ఆయా సరేనంది. రెండు రోజులకి అక్కకి స్పృహ పోయింది. డాక్టర్లు మళ్ళీ కాగితం పట్టుకొచ్చారు. ఆయా సంతకం పెట్టేసింది. పదిమందికి మేలు జరుగుతుంది కదా అని తనకి తాను చెప్పుకుంది గాని, అసలు మాట అది కాదు. అక్క పూర్తిగా లేకుండా పోవడాన్ని ఆమె భరించలేకపోయింది. అక్క పోయింది. ముక్క ఐస్ డబ్బాలో ల్యాబుకి వచ్చింది. డబ్బా మీద పేరుండదు, నంబరే. ఆ రోజు వచ్చిన డబ్బా అదొక్కటే, దాన్ని అందుకున్నది ఆయానే.

మేలు నిజంగానే జరిగింది. ఆ కణాల మీద పరీక్షించి చూసిన మందుతో పక్క బ్లాకులో ముగ్గురు రోగులు మంచం దిగి నడుస్తున్నారు. ల్యాబు పెద్ద, అందరూ మేడమ్ అనే ఆవిడ, ఆ లైనుని చూసి మురిసిపోయేవారు.

కాని దాని తీరే వేరు. వేరే కణాలు చోటు దొరికిన దగ్గరల్లా అతుక్కుంటాయి. ఇవి ముందు ఒకదాన్నొకటి వెతుక్కుని రెండేసి చొప్పున జతకట్టేవి, ఆ తర్వాతే పెరిగేవి. ఆయా సెలవు పెట్టిన రోజు మేత ముట్టేవి కావు. తింటే పసుపుగా మారాల్సిన ద్రవం గులాబీరంగులోనే ఉండిపోయేది. “నీ కూతురు మా చేతి కూడు తినదట, అలిగింది,” అని పక్క బల్ల అతను ఎగతాళి చేసేవాడు. ఆయా నవ్వేసేది. ఎవరూ లేనప్పుడు ఫ్లాస్కుని మొహం దగ్గర పెట్టుకుని, “ఆకలేసిందా అక్కా?” అనేది.

ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఒక నియమం ఉంది. ఎవరి కణాలు వాళ్ళు ముట్టుకోకూడదు. పరాయి కణం పొరపాటున ఒంట్లోకి పోతే ఒళ్ళు సాధారణంగా పసిగట్టి తరిమేస్తుంది. సొంతదే అయితే? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరి కణం రెండోవారి ఒంటికి సొంతదే. కవలల మాట ఆ నియమంలో ఎవరూ రాయలేదు, రాయాల్సి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? రాయకపోయినా ఆయాకి తెలుసు. తెలిసే చేసింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఒకరోజు అక్క కణాల్ని సిరంజిలోకి తీస్తుంటే సూది గ్లవ్ చీల్చుకుని ఎడమ బొటనవేలిలో దిగింది. అలా జరిగితే వెంటనే రిజిస్టరులో రాయాలి. రాస్తే ప్రశ్నలు వస్తాయి, కవల సంగతి బయటపడుతుంది, లైను ఇంకొకరి చేతికి పోతుంది. ఆయా వేలు కడుక్కుని ఊరుకుంది.

మూడు నెలలకి అక్కడ పెసరగింజంత గడ్డ తేలింది. నొప్పి లేదు, వెచ్చగా ఉంది. అందరూ భోజనానికి వెళ్ళిన వేళ ఆయా సన్న సూదితో దాన్లోంచి చుక్క తీసి, చిన్న గాజు పళ్ళెంలో వేసి మేత పోసింది. మర్నాడు మైక్రోస్కోపులో చూసింది. కణాలు రెండేసి చొప్పున జతకట్టి ఉన్నాయి. భయం వేసింది, నిజమే. కాని భయం కంటే ముందు సంతోషం వేసింది. ఆ సంతోషం గుర్తొస్తేనే తర్వాత ఆమెకి ఒళ్ళు జలదరించింది.

ఆ తర్వాతి రోజు మేడమ్ ఇంక్యుబేటర్లో నంబరు లేని పళ్ళెం చూశారు. “ఇదెవరిది?” అన్నారు. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఆయా బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. మేడమ్ కంట్లో పడనే పడింది. ఆయా ఒక్కటీ దాచకుండా చెప్పేసింది.

“ఎంత పని చేశావమ్మా! మీ అక్కని తినేసింది, నిన్ను వదులుతుందా?”

“వదలదు మేడమ్. తెలుసు.”

“ఇవాళే వేలు తీయించేద్దాం. ఇప్పుడైతే వేలితో పోతుంది. ఆలస్యం చేస్తే చెయ్యి, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం. అర్థమైందా?”

“అర్థమైంది మేడమ్.”

మేడమ్ స్వయంగా ఆపరేషన్ బ్లాకుకి తీసుకెళ్ళి, స్టీలు కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి సర్జన్‌తో మాట్లాడటానికి లోపలికి వెళ్ళారు. ఆయాకి బతకాలనే ఉంది. ఒక్క వేలే కదా, అదీ ఎడమచేతిది, దాని కోసం ఎవరేడుస్తారు అని సర్దిచెప్పుకుంది. ఇంతలో బొటనవేలిలో నాడి కొట్టుకోవడం తెలిసింది. కుడిచేత్తో గుండె మీద పట్టి చూసుకుంది. రెండూ ఒకేసారి కొట్టుకోవడం లేదు.

నర్సు ఫైలు పట్టుకుని వచ్చింది. “వేలి ఆపరేషన్ మీకేనా అండి? తోడెవరైనా వచ్చారా?”

“వచ్చింది. మా అక్క.”

నర్సు ఖాళీ కుర్చీల వైపు చూసింది. “ఏరీ? రమ్మనండి, ఆవిడ సంతకం కావాలి.”

ఆయా బొటనవేలిని చెవికి ఆనించుకుని వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“ఒప్పుకోవడం లేదండీ,” అంది.

లేచింది. నర్సు వెనకనుంచి పిలుస్తూనే ఉంది. వచ్చేపోయేవాళ్ళెవరూ తగలకుండా ఎడమచేతిని గుండెకి హత్తుకుని, ఆయా గోడవారగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.