ఒక పాదం చల్లన, ఒక పాదం వెచ్చన

అయ్యప్ప మాల వేసుకున్న ఇరవై ఏడో రోజుకు నా మడమలు మల్కాజ్‌గిరి గల్లీల్లోని సిమెంటు రోడ్డులా తయారయ్యాయి. డిసెంబరు చలి, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక. పైగా పదేళ్ల షుగరు.

“స్వామీ, జెర కొబ్బరినూనె అన్నా రాయనియ్యుండ్రి,” అంది నా భార్య సుమిత్ర. “షుగరున్నోళ్లకు కాళ్లు పగిలితే ఖతర్నాక్ అని డాక్టర్ చెప్పలేదా? మా మేనమామకు రెండు వేళ్లు తీసేసిన్రు, యాదికి లేదా?”

“మాలేసుకొని నూనెనా? మడి ముందా, మడమ ముందా?”

“నడిచెటోనికి మడమనే ముందు. నొస్తలేదా?”

“ఇంత సుత లేదు. అంతా స్వామి దయ!”

ఆమె నవ్వలేదు. నొప్పి లేదన్నాక ఆమె ముఖం ఇంకా వాడిపోయింది.

అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. వారం కిందట మౌలాలిలో, మా గురుస్వామి పర్వతాలు గారి ఇంటి డాబా మీది భజనలో, యాప్రాల్ నుంచి వచ్చే, తొలిసారి మాల వేసిన కన్నెస్వామి ఉదయ్‌కిరణ్ పెదాలకూ మడమలకూ వాజిలిన్ రాసుకుంటూ నాకు దొరికిపోయాడు. మైకు నా చేతిలోనే ఉంది. “దేవుడిలో లీనం కావాలి స్వామీ, వాజిలిన్‌లో కాదు!” అన్నాను. డాబా నవ్వులతో దద్దరిల్లింది. ఆ అబ్బాయి డబ్బాను సంచిలో దాచేసుకున్నాడు. ఇప్పుడు నేనెట్లా రాసుకునేది?

ఆ సాయంత్రం భజనకు వెళ్లాను. ఎదురైన ప్రతి స్వామి పాదాలనూ తాకి మొక్కడం మా పద్ధతి. ఉదయ్‌కిరణ్ వంగి నా పాదాలు తాకాడు. తాకినవాడు లేవలేదు.

“స్వామీ, ఒక పాదం ఐసుగడ్డలా ఉందండి. రెండోది పొయ్యి మీంచి దించినట్టుంది.” అతని వేళ్లకు తడి అంటింది. నీళ్లు కాదు, చీము. “మీకు తెలియట్లేదా అండీ?”

తెలియలేదు. వంగి చూస్తే ఎడమ మడమ పగులులో వేలు పట్టేంత నలుపు. చుట్టూ ఎర్రటి వాపు. మైకు పక్కనే ఉంది. దాన్ని దూరంగా జరిపాను.

“మాల తియ్యాల్నా గురుస్వామీ?” అన్నాను.

“ఎవడన్నడు?” పర్వతాలు గద్దించాడు. “నూనె వద్దన్నది సోకులకు, పుండుకు కాదు. చెప్పులేసుకొని దవాఖానకు నడువు!”

ఉదయ్‌కిరణే తన కారులో తీసుకెళ్లాడు. దారిలో సుమిత్రనూ ఎక్కించుకున్నాం.

డాక్టరమ్మ బిరుసైన నైలాన్ దారం తీసింది. “కళ్లు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి.”

మూసుకుని ఎదురుచూశాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

“ఇక షురూ చెయ్యండి మేడమ్,” అన్నాను.

సుమిత్ర వెక్కిన చప్పుడైంది. కళ్లు తెరిచాను. దారం నా అరికాలి మీద వంగి ఉంది.

“ఇది ఆరోసారి,” అంది డాక్టరమ్మ. “చీము ఎముకదాకా పోయిందేమో స్కాన్‌లో చూడాలి. అప్పటిదాకా కాలి గురించి నేనేమీ చెప్పలేను. రెండో కాలు మాత్రం పొడిబారనివ్వకండి, ఏదైనా రాస్తూ ఉండండి.”

స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఉదయ్‌కిరణ్ సంచిలోంచి వాజిలిన్ డబ్బా తీసి సుమిత్రకు ఇచ్చాడు. ఆమె నా కుడి మడమను ఒళ్లో పెట్టుకుని రాయసాగింది.

“తెలుస్తున్నదా స్వామీ?” అంది తలెత్తకుండా.

ఆమె వేళ్లు కదలడం చూశాను.

“ఆఁ, తెలుస్తున్నది,” అన్నాను.